కొంచెం వెనక్కి జరగండి మేడం గారూ

మండవల్లి దాటి కొల్లేటి వైపు దిగే రోడ్డు మీద తూములంక అని ఒక ఊరుంది. ఆ ఊరి సెంటర్లో ఎరువుల కొట్టుకీ టిఫిన్ హోటలుకీ మధ్య ఇరుక్కుని ఒక ఫోటో స్టూడియో ఉంటుంది. బోర్డు మీద ‘పెర్సిస్ ఫోటోస్’ అని రాసుంటుంది. కొత్తవాళ్ళు లోపలికొచ్చి, “ఫోటోగ్రాఫర్ గారు లేరాండీ?” అని పెర్సిస్‌నే అడుగుతారు. “ఉన్నారండి, కూర్చోండి,” అని ఆవిడ లోపలికెళ్ళి, మెళ్ళో కెమెరా తగిలించుకుని మళ్ళీ బయటికొస్తుంది.

పెర్సిస్‌కి యాభై దాటాయి. పొట్టి మనిషి. కుచ్చెళ్ళు పైకి దోపి, రబ్బరు చెప్పులతో ఏ గోడైనా ఎక్కేస్తుంది, ఏ బురదలోనైనా మోకాళ్ళ మీద కూర్చుంటుంది. పదో తరగతి అయిన ఏడాదే ఏలూరులో ఒక పెద్ద స్టూడియోలో టచింగు పనికి కుదిరింది. అప్పట్లో నెగటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖాలు బాగుచేసేవారు. “ఈ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళలో సగం మందికి మొటిమలు నేనే మాన్పేనండి, ఒక్క మందైనా రాయకుండా,” అంటుంది. తరవాత కంప్యూటర్లొచ్చి పెన్సిళ్ళని ఇంటికి పంపేశాయి. ఆ సరికి ఆవిడకి తూములంకలో కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే విశ్వాసంతో పెళ్ళయింది. ముఖాలు దిద్దే పని పోయినందుకు రెండు నెలలు దిగులుపడి, మూడో నెలలో పాత కెమెరా ఒకటి కొనుక్కుని సొంతంగా తియ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు తెలిసిందావిడకి, ముఖం దిద్దక్కర్లేదని. తను రెండడుగులు పక్కకి జరిగితే చాలు.

ఒకసారి చేపల చెరువు రైతు ఒకాయన వలేసే పట్టుబడి రోజున రమ్మన్నాడు. బొచ్చె చేపని గుండెలకి హత్తుకుని నిలబడి, ఫోటో చూసుకుని, “ఇంత చిన్నగా పడిందేంటండీ?” అని నొచ్చుకున్నాడు. “చేతులు నా వైపు చాపండి,” అంది పెర్సిస్. అంతే. రెండు కిలోల చేప ఆయన ఛాతీనీ పొట్టనీ, వెనకనున్న షెడ్డునీ కూడా మింగేసింది. ఆ ఫోటో చూసి ఆయన బావమరిది మేత కంపెనీ మార్చేశాడు.

చింతలపూడి నించి పామాయిలు తోటలున్న కుటుంబం వాళ్ళు పెళ్ళికొడుకు ఫోటో కోసం వెతుక్కుంటూ వచ్చారు. అబ్బాయి ఎత్తు తక్కువ. పెర్సిస్ నేల మీద కూర్చుని, కెమెరా పైకెత్తి తీసింది. ఫోటోలో అబ్బాయి వాళ్ళ తోటలో చెట్టంత అయ్యాడు. అత్తిలిలో పెళ్ళిచూపుల రోజున అమ్మాయి తండ్రి అబ్బాయికి షేక్‌హ్యాండిస్తూనే, ఇంకా పైనెవరో ఉన్నట్టు అబ్బాయి నెత్తి మీదుగా వెతుకుతూ ఉన్నాడట. పెళ్ళయితే అయింది. అరవై మంది వచ్చిన మీటింగుని దూరం నించి లెన్సు లాగి తీసి, కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పడేట్టు చేసి, అరవై మందిని జనసముద్రం చేసింది. ఒక ప్రైవేటు స్కూలువాళ్ళ మూడు కంప్యూటర్లని కంప్యూటర్ ల్యాబు చేసింది.

ఇందులో ఎక్కడా ఆవిడ లేనిది పెట్టలేదు. కంప్యూటర్లో ఒక మనిషిని అతికించమంటే ఒప్పుకోదు. ఒక ఆదివారం ఆరాధనయ్యాక పాస్టరు గారు నవ్వుతూ, “అమ్మా, ఇది అబద్ధ సాక్ష్యం కిందకి రాదా?” అని అడిగారు.

“ఉన్నదే చూపిస్తున్నానండి అయ్యగారూ,” అంది పెర్సిస్. “కాకపోతే ఉన్నదంతా చూపించనండి.”

పాస్టరు గారు తలెత్తి పైకి చూశారు. చర్చికి కొత్త స్లాబు వేసినప్పుడు కప్పు కారే మూల పడకుండా ఫోటో తీసింది ఆవిడే మరి.

ఇలా నడుస్తుండగా పెదకోడు పని వచ్చింది. పెదకోడంటే తూములంక పక్కనించి కొల్లేట్లోకి పోయే మురుగు కాలవ. ఊళ్ళో నీళ్ళూ చేలల్లో నీళ్ళూ దాంట్లోంచే పోవాలి. దాన్నిండా గుర్రపుడెక్క. పైన మేక నడిచినా మునగదన్నంత మందంగా పెరిగిపోయింది. పూడిక తీసే కాంట్రాక్టు వెంకట్రాజు గారికి వచ్చింది. ఆయన పెద్దమనిషి. ఎవర్నీ గట్టిగా ఒక్క మాటనడు. మిషను తెచ్చి వంతెన దగ్గర నాలుగు రోజులు పని చేయించి, అయిదో రోజు మిషన్ని ఇంకో ఊరు పంపేసి, పెర్సిస్‌కి ఫోను చేశాడు.

“పెర్సిస్ గారూ, చిన్న ఫోటో అండీ. కింద తారీఖూ టైమూ పడాలండి. ఆఫీసుకి పంపాలి.”

పెర్సిస్ వెళ్ళి చూసింది. వంతెన కింద ముప్పై గజాల మేర నీళ్ళు కనిపిస్తున్నాయి. తరవాతంతా పచ్చ.

“మిగతాది ఎప్పుడు తీయిస్తారండీ?”

“తీయిద్దారి. ముందు ఇది బాగా రావాలి. మీరైతే ఎలాగో తీస్తారని...”

ఆ ‘మీరైతే’ అనే మాటకి ఆవిడ ఎప్పుడూ పడిపోతుంది. గట్టు మీద తువాలు పరిచి, దాని మీద బోర్లా పడుకుని, తారీఖు పడాలి కనక కెమెరా బదులు ఫోనుని నీటికి బెత్తెడెత్తులో పట్టుకుంది. అలా చూస్తే ముప్పై గజాల నీళ్ళు సముద్రమంత సాగాయి. వెనకనున్న మూడు కిలోమీటర్ల గుర్రపుడెక్క నలిగి సన్నటి పచ్చ గీతయిపోయింది. ఎవరు చూసినా దూరాన వరిచేలనుకుంటారు. అదే సమయానికి రెండు కొంగలొచ్చి నీళ్ళల్లో వాలాయి. వాటిని మాత్రం వెంకట్రాజు గారు పిలిపించలేదు.

ఆ ఫోటో ఏలూరులో ఒక ఆఫీసుకి వెళ్ళింది. ఏ ఆఫీసో పేరెందుకులెండి. వాళ్ళకెంత నచ్చిందంటే, పెద్దది చేయించి మెట్ల దగ్గర గోడకి కట్టారు. ‘ఆదర్శ కోడు’ అని పేరు పెట్టారు. వెంకట్రాజు గారికి శాలువా కప్పారు. ఆయన మర్యాదస్తుడు కనక ఆ శాలువా ఫోటో కూడా పెర్సిస్ చేతే తీయించుకున్నాడు.

శ్రావణంలో మూడు రోజులు ఆగకుండా వాన కొట్టింది. కోడులో నీళ్ళు ముందుకి కదల్లేదు. కదలక, వెనక్కి తిరిగి ఊళ్ళోకొచ్చాయి. గట్టు పక్కనున్న పల్లపు వీధి మునిగింది. ఆ వీధిలో మొదటి ఇల్లు పాపమ్మది. డెబ్బై ఏళ్ళ మనిషి. రెండు గేదెలు మేపుకుంటూ ఊళ్ళో పాలు పోస్తుంది. గేదెల్ని గట్టు మీద కట్టేసి, పొయ్యిని మంచం మీదకెక్కించి, ఆవిడ సోమవారం పొద్దున్నే అర్జీ పట్టుకుని బస్సెక్కి ఏలూరు వెళ్ళింది.

సాయంత్రం తిరిగొస్తూ సరాసరి స్టూడియోకే వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

“పెర్సిసమ్మా, నువ్వు తీసిన బొమ్మ చూసొచ్చేను.”

“ఎక్కడ చూసేరు పిన్నీ?”

“ఆపీసులో. అక్కడబ్బాయి కంప్యూటర్ నా వైపు తిప్పి, ‘చూడండి మామ్మగారూ, మీ కోడు ఎంత శుభ్రంగా ఉందో’ అన్నాడు. మరి మా ఇంట్లో ఉన్న నీళ్ళెవరివి బాబూ అన్నాను. అది వేరే సెక్షను చూస్తారండీ అన్నాడు.”

పెర్సిస్ నవ్వబోయి మానేసింది. పాపమ్మ నవ్వడం లేదు.

“చాలా బాగా తీసేవమ్మా. కొంగలు కూడా పడ్డాయి. పడుకుని తీసేవంటగా? ఈసారి నించుని తియ్యి.”

పాపమ్మ చీర అంచు పిండుకుని వెళ్ళిపోయింది. తిట్టలేదు కూడా. తిడితే పెర్సిస్ ఏదో ఒకటి చెప్పుకునేది. ఆ రాత్రి అన్నం దగ్గర మొగుడికి చెప్పింది. విశ్వాసం ఉద్యోగమంతా స్తంభాల మీదే గడిపిన మనిషి. కింద జరిగే విషయాల మీద ఆయనకి పెద్ద అభిప్రాయాలుండవు.

“నించుంటే చాలదే,” అన్నాడు. “గట్టు మీద నించుంటే వంతెన అడ్డం. ట్యాంకెక్కు. నా బెల్టు ఇస్తాను.”

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. పెర్సిస్ పంచాయతీ వాళ్ళకి చెప్పి, నడుముకి విశ్వాసం బెల్టు కట్టుకుని, చీర గోచీ పోసుకుని మంచినీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కింది. కింద విశ్వాసం నిలబడి, “కిందకి చూడకు, కిందకి చూడకు,” అని అరుస్తున్నాడు. ఆవిడ ఎక్కిందే కిందకి చూడ్డానికి.

పైన్నించి పెదకోడంతా కనిపించింది. వంతెన నించి కొల్లేటి దాకా, ఎవరో పచ్చటి తివాచీ పరిచి మడత కూడా పడకుండా సాగదీసినట్టుంది. వంతెన దగ్గర మాత్రం నల్లగా చిన్న చుక్క. అదే ఆదర్శ కోడు. దాని పక్కన పల్లపు వీధిలో ఇళ్ళు నీళ్ళల్లో పడవల్లా ఉన్నాయి. గట్టు మీద పాపమ్మ గేదెలు. మంచం మీద పొయ్యి పొగ. పాతికేళ్ళుగా కెమెరా ఎత్తగానే పెర్సిస్ చేతులు వాటంతటవే ఏదో ఒక దాన్ని పక్కకి తోసేవి. ఈసారి తోయడానికేమీ దొరకలేదు. నిచ్చెన కడ్డీని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో నొక్కింది.

పాపమ్మ ఆ ఫోటో అర్జీకి కుట్టి పంపింది. పది రోజుల్లో పెర్సిస్‌కి ఏలూరు నించి పిలుపొచ్చింది.

ఆఫీసులో కొత్తగా వచ్చిన పెద్దావిడ పేరు ఇందుజ. పెద్దావిడంటే హోదాలో, వయసుకి ముప్పై రెండు. బల్లకి ఒక పక్క వెంకట్రాజు గారు, ఆయన పక్కన ఆ పని చూసే ఇంజినీరు ఫణీంద్ర. బల్ల మీద రెండు ఫోటోలు. రెండింటి మూలలోనూ ‘పెర్సిస్ ఫోటోస్, తూములంక’ అని చిన్న అక్షరాలు.

“రెండూ మీరు తీసినవేనా అండీ?” అంది ఇందుజ.

“నావేనండి.”

“ఇందులో ఏది నిజం?”

“రెండూ నిజమేనండి. అది పడుకుని తీసిందండి, ఇది పైకెక్కి తీసిందండి.”

ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు. “మేడం, గుర్రపుడెక్క చాలా త్వరగా పెరుగుతుందండి. మేం తీసేశాక మళ్ళీ వచ్చుండొచ్చు.”

ఇందుజ కొంగల ఫోటో ముందుకి లాగి, వెనకనున్న పచ్చ గీత మీద వేలు పెట్టింది. “ఇవి వరిచేలేనా?”

వెంకట్రాజు గారు పెర్సిస్ వైపు ప్రేమగా చూశాడు. ఫణీంద్ర కిటికీ వైపు చూశాడు. ఔనండీ అనేస్తే సరిపోయేది. కానీ తను తీసిన ఫోటోలో ఏది ఏదో తనకే తెలీదన్నట్టు మాట్లాడ్డం పెర్సిస్‌కి చేతకాదు.

“కాదండి, గుర్రపుడెక్కేనండి. కెమెరా కిందకి దింపితే దూరంగా ఉన్నవి అలా నలిగిపోతాయండి. ఇంకో జానెడు పైకి పట్టుకునుంటే మొత్తం బయటపడేదండి,” అంది, కొంచెం గర్వంగా కూడా.

“మేడం, ఒక్క మాట,” అన్నాడు ఫణీంద్ర. “పనుల ఫోటోలు నేల మీద నించే తియ్యాలి. ట్యాంకెక్కి తీసింది రూలు ప్రకారం చెల్లదండి.”

“పడుకుని తీసింది చెల్లుతుందా?”

రూళ్ళ పుస్తకం తెప్పించారు. గుమాస్తా అరగంట తిరగేశాడు. అందులో పడుకోవడం గురించి ఏమీ లేదు. పడుకోకూడదని లేదు కనక పడుకోవచ్చని ఫణీంద్ర, పడుకోవచ్చని లేదు కనక పడుకోకూడదని గుమాస్తా వాదించుకున్నారు. చివరికి ఇకముందు ఫోటోలు తీయువారు విధిగా నిలబడి తీయవలెనని ఒక ఉత్తర్వు తయారుచేసి సంతకానికి పెట్టారు. కోడు సంగతి ఏం చెయ్యాలో ఆ ఉత్తర్వులో లేదు. ఇందుజ సంతకం పెట్టి, “ఒకసారి నేనే వచ్చి చూస్తాను,” అంది.

ఆవిడ వచ్చే రోజుకి వంతెనకి సున్నం కొట్టారు. ముప్పై గజాల గట్టు మీద ఎర్రమట్టి పోసి, బ్లీచింగు చల్లారు. స్వాగతం ఫ్లెక్సీ కట్టారు. కారు ఎక్కడాగాలో, మేడం ఎక్కడ దిగాలో, ఎటు తిరిగి చూడాలో ముందురోజే నడిచి చూసుకున్నారు. ఫోటోలకి మళ్ళీ పెర్సిస్‌నే పిలిచారు. “మన మనిషి మన దగ్గరుంటేనే మంచిది,” అన్నాడు వెంకట్రాజు గారు.

ఇందుజ దిగింది. వంతెన మీద నించి నీళ్ళు చూసింది. ఫణీంద్ర లెక్కలు చెప్పాడు. పాపమ్మ అర్జీ పట్టుకుని ముందుకి రాబోతే, “మామ్మగారూ, తరవాతండీ, తరవాత,” అని ఎవరో పక్కకి తప్పించారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. మేడం వాచీ చూసుకుంది.

“ఒక్క గ్రూపు ఫోటో మేడం,” అన్నాడు ఫణీంద్ర.

పదిమందీ గట్టు మీద వరసగా నిలబడ్డారు. పొట్టలు లోపలికి లాక్కున్నారు. పెర్సిస్ కెమెరా ఎత్తింది. నిజంగానే ఎండ మేడం ముఖమ్మీద పడుతోంది.

“కొంచెం వెనక్కి జరగండి మేడం గారూ.”

మేడం వెనక్కి జరిగింది. పక్కవాళ్ళంతా ఆవిడతోపాటు జరిగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పాపమ్మ నెల్లాళ్ళుగా బతిమాలినా కదలని మనుషులు ఒక్క మాటకి ఒకడుగు కదిలారు. పెర్సిస్ కెమెరాలోంచి అది చూసింది. వాళ్ళ వెనక గట్టు ఎటు పోతోందో కూడా చూసింది.

“ఇంకొంచెమండీ. ఫ్లెక్సీ అడ్డమొస్తోందండి.”

జరిగారు.

“సార్ తలమీంచి కరెంటు స్తంభం మొలుస్తోందండి. ఇంకో నాలుగడుగులు... ఆఁ, నా వైపే చూడండి సార్, వెనక్కి తిరిగితే వరస చెడిపోద్దండి.”

జరిగారు. వాళ్ళు వెనక్కి నడుస్తుంటే ఈవిడ ముందుకి నడుస్తోంది. ఊళ్ళో జనం కూడా పక్కన నడుస్తున్నారు. ఎర్రమట్టి అయిపోయింది. బ్లీచింగు అయిపోయింది. వెంకట్రాజు గారొక్కడికే అనుమానం వచ్చింది. “అమ్మా, ఇక్కడ బాగానే ఉంది కదండీ...”

“మీరు సగమే పడుతున్నారండి రాజు గారూ,” అంది పెర్సిస్. ఆయన వెంటనే జరిగాడు.

“అయిపోయిందండి. ఇంకొక్క అడుగు.”

ఆ ఒక్క అడుగుకి గట్టు పల్లంలోకి దిగింది. ఇందుజ చెప్పు నీళ్ళల్లో మునిగింది. తరవాత పాదం. తరవాత చీర అంచు. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఎదురుగా గుమ్మంలో, నీళ్ళ మధ్య మంచం మీద పొయ్యి. పక్కన కోడు, చివరి దాకా పచ్చగా.

జనంలోంచి పాపమ్మ ముందుకొచ్చింది. “రండి మేడం గారూ, మా ఇల్లే. లోపల ఇంకొంచెం లోతుంటది.”

అప్పుడు నొక్కింది పెర్సిస్. ఫోటోలో మేడం నోరు తెరుచుకుని ఉంది, ఫణీంద్ర ప్యాంటు పైకి లాక్కుంటున్నాడు, వెంకట్రాజు గారు ఒంటికాలి మీద ఉన్నాడు.

ఇందుజ నీళ్ళల్లోంచే పెర్సిస్ వైపు ఒకసారి చూసింది. కోపమో కాదో పెర్సిస్‌కి అంతుపట్టలేదు. తరవాత పాపమ్మ చేతిలో కాగితం తీసుకుని, “ఇది ఎందాకా ఇలా ఉంది?” అని ఫణీంద్రని అడిగింది.

“కనుచూపు మేర మేడం,” అన్నాడు ఫణీంద్ర, అబద్ధం తట్టక.

“అయితే కనుచూపు మేర తీయించండి.”

ఫణీంద్ర ఆ మాటని ఆ మాటగానే రాసుకున్నాడు. మూడో రోజున రెండు మిషన్లొచ్చాయి. పాపమ్మ గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టి, అక్కణ్ణించి కోడు ఎంతవరకు కనిపిస్తుందో చూసి, అంతవరకు గుర్రపుడెక్క మొత్తం ఏరేశారు. కిలోమీటరు అవతల కోడు మలుపు తిరుగుతుంది. మలుపు తరవాత కనిపించదు కనక అక్కడ ఆపేశారు. అయినా కిలోమీటరు కిలోమీటరే. పల్లపు వీధిలో నీళ్ళు రెండు రోజుల్లో తీశాయి. పాపమ్మ గేదె ఈనితే జున్నుపాలు మొదట స్టూడియోకే పంపింది.

వెంకట్రాజు గారు పెర్సిస్‌తో మాట్లాడ్డం మానేశాడు. ఆవిడకి కొన్ని ఫంక్షన్లు పోయాయి. “మిమ్మల్ని పిలిస్తే ఎక్కడికి తీసికెళ్ళి నించోబెడతారోనని భయమండీ,” అన్నారొకళ్ళు మొహం మీదే. నెల తిరక్కుండా ఆఫీసు నించి ఇంకో కాగితం వచ్చింది. నిలబడి ఫోటోలు తీయు విధానంలో ఇంజినీర్లకి తాడేపల్లిగూడెంలో ఒక రోజు శిక్షణ. చెప్పవలసింది పెర్సిస్.

ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. హాల్లో నలభై మంది ఇంజినీర్లు. కెమెరా ఎంత ఎత్తులో ఉండాలో, ఎక్కడెక్కడ నించి తీస్తే పని పూర్తిగా పడుతుందో చూపించింది. అందరూ రాసుకున్నారు. భోజనాలయ్యాక, వెనక వరసలోంచి ఒకాయన మొహమాటంగా లేచాడు.

“అమ్మా, టైముంటే ఆ పడుకుని తీసే పద్ధతి కూడా ఒకసారి చూపిస్తారాండీ? తెలుసుకుందామనండి, అంతే.”

హాలంతా ఒక్కసారిగా పెన్నులు తీసింది. పెర్సిస్ ఆ పెన్నులు చూసి, “బస్సు టైమైందండి,” అని కెమెరా సర్దుకుంది.

తూములంకలో దిగేసరికి స్టూడియో బెంచీ మీద ముగ్గురాడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కోడు మలుపు అవతలి ఊరి వాళ్ళు. కాళ్ళకి ఎండిన బురద ఇంకా ఉంది.

“ఏవండీ, ఆ మేడం గారిని మా వైపు కూడా ఒక ఫోటోకి రప్పిస్తారాండీ?”

పెర్సిస్ తాళం తీసి, లైటు వేసి, వాళ్ళని లోపలికి రమ్మంది. బల్ల మీద నోటుపుస్తకం తెరిచింది.

“కూర్చోండి. ముందిది చెప్పండి. మీ ఊళ్ళో కార్లు ఎక్కడాగుతాయండీ? నీళ్ళు ఎటు పక్క నిలబడతాయి?”